రెండు వేళ్ల తేడా

సున్వా చేతులు ఎప్పుడూ వెచ్చగా ఉంటాయి. జూన్‌లో కూడా పొగమంచు మెడ చుట్టూ తడిగుడ్డలా చుట్టుకునే మా ఉత్తరపు దీవుల్లో, ఒక మనిషికి పేరు రావడానికి అదొక్కటే చాలు.

హామర్ రేవులో, ఒకప్పుడు ఉప్పుచేపలు ఆరబెట్టిన కొట్టం మీది గదిలో ఆమె కైరోప్రాక్టర్‌గా పనిచేస్తుంది. వెన్నుపూసలు, కీళ్లు, వాటిని పట్టుకుని వేలాడే కండరాలు, అదీ ఆమె లోకం. గొర్రెల వెంట కొండ దిగి మోకాళ్లు అరగదీసుకున్నవాళ్లు, భుజం జారిన హ్యాండ్‌బాల్ అమ్మాయిలు, శీతాకాలమంతా అల్లి మణికట్టు పట్టేసిన ముసలమ్మలు, అందరూ ఆ మెట్లే ఎక్కుతారు. డెన్మార్క్ వెళ్లి అయిదేళ్లు చదువుకొచ్చింది. కానీ అసలు చదువు తొమ్మిదో ఏట, నాన్న గొర్రెల కొట్టంలో మొదలైందంటుంది. ఈనలేక తన్నుకుంటున్న గొర్రె కడుపులోకి చిన్న చెయ్యి పెట్టి, చీకట్లో పిల్ల మోకాలేదో మడమేదో వేళ్లతో పోల్చుకోవడం. "అప్పటినుంచి నాకు కళ్లు ఇక్కడున్నాయి" అని వేళ్ల కొసలు చూపిస్తుంది.

నేను నొర్విక్ వాణ్ణి. మాకూ హామర్‌కీ మధ్య పావుగంట పడవ ప్రయాణం, నూరేళ్ల పడవ పందేల పగ. పైగా సున్వా వాళ్లన్నే హామర్ పడవకి చుక్కాని పట్టే మనిషి. నొర్విక్ తెడ్డువాడు ఆమె బల్లమీద బోర్లా పడుకోవడమంటే, కోడిపిల్ల దిష్టి తీయించుకోవడానికి పిల్లి దగ్గరికి వెళ్లినట్టే.

అయినా వెళ్లాను. ఆ ఏప్రిల్‌లో తుమ్మొస్తే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. ఇరవై రెండేళ్లుగా మా పడవ మూడో బల్లమీద కుడి తెడ్డు నాది. అంతకుముందు మా నాన్నది. పక్కటెముకల కింద ఎవరో మేకు దిగ్గొట్టినట్టున్న ఆ నొప్పి సంగతి మా చుక్కాని ఎలియస్ మామకి తెలిస్తే, జులై పందేనికి ఆ చోటు మరొకడికి పోతుంది. అందుకే పడవకి నీలం రంగు కొనుక్కొస్తానని ఇంట్లో చెప్పి బయల్దేరాను.

"విప్పు" అంది సున్వా.

"చొక్కానా?"

"ముందు స్వెటర్. దాన్నిటివ్వు."

నన్ను వదిలేసి స్వెటర్‌ని బల్లమీద పడుకోబెట్టింది. రెండు చేతులూ దగ్గరికి లాగి పక్కపక్కన పెట్టింది. కుడిది రెండు వేళ్లు పొడవు.

"ఇదెవరల్లారు?"

"అమ్మ."

"కొలత తప్పిందా?"

"తప్పడమేంటి సున్వక్కా! మా ఊళ్లో కుడి తెడ్డువాడికి కుడి చెయ్యి రెండు వేళ్లు పొడవల్లుతారు. ఎడమవాడికి ఎడమ. లేకపోతే మణికట్టు బయటపడి చలెయ్యదూ?"

ఆమె నన్ను చూసింది, స్వెటర్‌ని చూసింది, కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది. "మీ అమ్మ నాకంటే ఇరవయ్యేళ్ల ముందే రోగం పట్టేసిందిరా! మందుకి బదులు ఉన్ని వేసింది."

ఆ తర్వాత ఆ వెచ్చని వేళ్లు నా వీపు మీద నడిచాయి. ఒక్కో ఎముక దగ్గరా ఆగి, తలుపు తట్టి, లోపలివాళ్ల జవాబు విని ముందుకెళ్లాయి. ఎముక చిట్లలేదని ఎక్స్‌రేలో చూసుకునేదాకా గట్టిగా నొక్కనని చెప్పేసింది. చిట్లలేదు. రెండోసారి వెళ్లినప్పుడు, ఊపిరి వదలమని, వదిలిన ఊపిరి అంచున ఒక్కసారి నొక్కింది. టక్ మంది.

"ఏదో విరిగింది!"

"ఏం విరగలేదు, కీలులో బుడగ చిట్లింది. ఇందులో మాయేం లేదు. నేను తలుపు సందు తెరుస్తాను, నడవాల్సింది నువ్వు. మూడు వారాలు తెడ్డు ముట్టుకోకు. రోజూ చీపురుకర్ర భుజాలమీద పెట్టుకుని ఇటూ అటూ తిరుగు."

"తర్వాత నా చోట్లో కూర్చోవచ్చా?"

"కూర్చో. అదే పక్క ఏళ్ల తరబడి లాగితే ఏ నడుమైనా అలిగి కూర్చుంటుంది. ఆగస్టుకల్లా మళ్లీ ఈ బల్లమీదే ఉంటావు. పక్క మార్చు."

"పక్క మార్చడమా? దానికంటే మతం మార్చుకోమను, తేలిక."

మూడోసారి పావుగంట ముందే చేరాను. ముందుగదిలో కొక్కేనికి ఒక స్వెటర్ వేలాడుతోంది. గోధుమరంగు ఉన్ని, మోచేతి దగ్గర అతుకు. ఎడమ చెయ్యి కుడిదాని కంటే రెండు వేళ్లు పొడవు.

మా బల్లమీద ఎడమ తెడ్డు హానుస్‌ది. ఇరవై రెండేళ్లుగా నా భుజం పక్కన భుజం, నా ఊపిరి పక్కన ఊపిరి. లోపలి తలుపు తెరుచుకుంది. వాడే, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"నువ్వా!"

"రంగు కొనడానికొచ్చా" అన్నాను.

"నేనూ రంగుకే."

పడవల కొట్టంలో అయిదు నీలం డబ్బాలు ఎందుకు పేరుకున్నాయో ఇద్దరికీ ఒకేసారి వెలిగింది. నవ్వు తన్నుకొచ్చింది. వాడు ఎడమ డొక్క పట్టుకున్నాడు, నేను కుడి డొక్క.

"నవ్వించకురా బాబూ, చచ్చిపోతాను!"

"నువ్వాపు ముందు!"

"నేనొక్క ముక్క కూడా చెప్పలేదు" అని లోపల్నుంచి సున్వా కేకేసింది. "చెప్పింది కొక్కెం."

అద్దంలో బొమ్మలా ఒకడి నొప్పి మరొకడికుంది. చోట్లు మార్చుకుంటే సరి. కానీ ఎలియస్ మామ ఒప్పుకోవాలి. నువ్వే వచ్చి చెప్పమని ఇద్దరం సున్వాని బతిమాలాం.

ఆదివారం చర్చి అయ్యాక ఆమె మా రేవులో దిగింది. కిటికీ తెరలన్నీ ఒక్కసారి కదిలాయి. కొట్టం గుమ్మంలో ఎలియస్ మామ అడ్డంగా నిలబడ్డాడు.

"హామర్ వాళ్లు గూఢచారుల్ని పట్టపగలే పంపుతున్నారా ఇప్పుడు?"

"కొలతలకొచ్చాను మామా. జరుగు."

ఆమె పడవలోకి వంగి మూడో బల్లని అరచేత్తో నిమిరింది. రెండు కూర్చునే చోట్లూ అరిగి, చెరో పక్కకీ వాలి ఉన్నాయి. మా నాన్నా, హానుస్ నాన్నా, మేమూ కలిసి ఆ చెక్కలో రెండు చిన్న లోయలు తవ్వాం. "చూడు, బల్లకీ అదే జబ్బు" అందామె మెల్లగా.

"వీడి నాన్న కుడి, వీడి తాత కుడి. పడవకి తెలుసు ఎవరెక్కడ కూర్చోవాలో" అన్నాడు మామ.

"నువ్వూ కుడి తెడ్డేగా ఒకప్పుడు? ఒకసారి కుడిపక్కకి చూడు."

మామ మెడ తిప్పలేదు. మనిషంతా తిరిగాడు, గాలికి తిరిగే కోడిబొమ్మలా.

"మెడ మాత్రమే, మామా."

మెడ వేలెడంత తిరిగి ఆగిపోయింది.

"ఓహో, అదా సంగతి! అందుకేనా మా అన్న పదిహేనేళ్లుగా ఎప్పుడూ మీకు కుడిపక్క నుంచే దాటిపోతాడు?" అనేసి సున్వా నాలుక కరుచుకుంది.

నీళ్లు రాళ్ల కింద ఏదో చెప్పుకుంటున్నాయి. ఎలియస్ మామ అయిదు డబ్బాల వైపు చాలాసేపు చూశాడు. అవన్నీ ఎందుకొచ్చాయో ఆ ముఖంలో నెమ్మదిగా తెల్లవారింది.

"రేపు పొద్దున్న రంగు కొనడానికి పడవ ఎన్నింటికి?" అన్నాడు.

జూన్ అంతా నేను ఎడమపక్క కూర్చుని పసివాడిలా నేర్చుకున్నాను. హానుస్ తెడ్డు, నా తెడ్డు దారి తప్పి ఒకదాన్నొకటి కొట్టుకునేవి. ఒడ్డున పిల్లలు లెక్కపెట్టేవాళ్లు. మామ తిట్ల మధ్య చీపురుకర్రతో మెడ తిప్పేవాడు. ఒకరోజు నాకే తెలియకుండా గట్టిగా తుమ్మాను. ఏ గోడా పట్టుకోలేదు. హానుస్ తెడ్డు ఆపి, "దీర్ఘాయుష్షురా" అన్నాడు, కళ్లు మెరుస్తుండగా.

జులై పందెంలో మేం గెలవలేదు. ఏడు పడవల్లో నాలుగో చోటు. కానీ చివరి రెండొందల మీటర్లలో కుడిపక్క నీళ్ల చప్పుడు దగ్గరవుతుంటే, మామ మెడ తిప్పాడు. పదిహేనేళ్లలో మొదటిసారి హామర్ పడవ ముక్కుని చూశాడు. "వస్తున్నార్రా! లాగండి, నా తండ్రుల్లారా, లాగండి!" ఆ కేక మా తెడ్లలోకి దిగింది. డొక్కలో ఏ మేకూ లేదు, ఊపిరి ఒక్కటే ఉంది, తెరచాపలా నిండుగా. తెడ్డు రెక్క వెడల్పంత తేడాతో హామర్ అయిదోది.

ఒడ్డుమీద సున్వా వాళ్లన్న చెల్లెల్ని నిలదీశాడు. "ఆ ముసలాడి మెడ ఎవరు తిప్పారే?"

"నేనే. నీ ఎడమ భుజం కూడా బాగాలేదు, మంగళవారం రా" అంది సున్వా, పుల్లటి రూబర్బ్ కాడల కేకు నములుతూ.

మా అమ్మ మాత్రం సున్వా కాఫీ కప్పు పట్టుకోవడం, మా మామ మెడ మీద చెయ్యి వేయడం ఆ రోజంతా గమనించింది. అక్టోబర్‌లో నాచేత ఒక పొట్లం హామర్‌కి పంపింది. సున్వా విప్పి చూసింది. బూడిదరంగు స్వెటర్. అలవాటుగా బల్లమీద పరిచి రెండు చేతులూ పక్కపక్కన పెట్టింది. సమానం. తొడుక్కుంది. రెండు చేతులూ మణికట్టుకి రెండు వేళ్ల ముందే ఆగిపోయాయి.

"కొలత తప్పిందా?"

"తప్పలేదు" అన్నాను. "పనిచేసే వేళ్లకి ఉన్ని అడ్డం రాకూడదంది అమ్మ. ఎలాగూ నీ చేతులు వెచ్చగానే ఉంటాయట."

సున్వా తన మణికట్ల వైపు చూసుకుంది. కళ్లద్దాలు తీసింది. ఈసారి నవ్వు ఆగాక కూడా వెంటనే పెట్టుకోలేదు.