పడుగు పూట రెండో తుమ్ము

డెబ్బైల చివర్లో, చిలమత్తూరు పక్క పల్లె నుంచి ధర్మవరానికి కోడలిగా వెళ్లాను. ఆ ఏడు వానలు తగ్గగానే, ఖాళీ స్థలాల్లో తెల్లపూల పిచ్చిమొక్క విరగబూసింది. నాకు తుమ్ములు పట్టుకున్నాయి. తెల్లారితే చాలు, ముక్కు కారడం, కళ్లు మండడం.

మామ పట్టుచీరలు నేసేవాడు. ఒంటి తుమ్ము వినబడితే మగ్గం గుంటలో పెట్టిన కాలు వెనక్కి తీసేవాడు. కాసేపు కూర్చుని, నీళ్లు తాగి, మళ్లీ దిగేవాడు. సరిగ్గా అప్పుడే నేను మళ్లీ తుమ్మేదాన్ని! ఆయన నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. వీధి ఆడవాళ్లు ఊరుకుంటారా? "ఆ కోడలొచ్చినప్పట్నుంచి మగ్గం సరిగ్గా ఆడిందెప్పుడు?" అన్నారు. పుట్టింటికి పంపేస్తారేమోనని ఒకటే భయం నాకు.

డాక్టరు మాత్రలిచ్చి, "రాత్రి పడుకునే ముందు సగం చాలమ్మా, మత్తుగా ఉంటుంది" అన్నాడు. మత్తు సంగతి ఎవరిక్కావాలి? చీర నిలువుపోగులు, అదే కొత్త పడుగు, మగ్గానికి ఎక్కించే రోజు పొద్దున్నే రెండు మింగేశాను. తుమ్ము ఆగింది, నిజమే. దీపానికి నూనెగిన్నె పట్టుకుని నిలబడ్డదాన్ని, నిలబడ్డట్టే తూలి పడుగు మీదికి ఒరిగాను. అత్త పట్టుకోకపోతే ఆ పట్టంతా నూనెపాలే.

"ఎన్ని మింగినావమ్మా?" అన్నాడు మామ.

"రెండు మామా. తుమ్మితే పని నిలిచిపోతుందని..." భోరుమన్నాను.

ఆయన పని మర్నాటికి వాయిదా వేశాడు. ఆ రాత్రి అత్త దగ్గర కూర్చుని సగం మాత్రే మింగించింది. పొద్దునకి చాలా నయం. కానీ దీపం వెలిగించగానే పాడు తుమ్ము ఒకటి రానే వచ్చింది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

మామ గబగబా అత్త నడుముకు దోపుకున్న నశ్యం డబ్బా లాక్కున్నాడు. ఆ డబ్బా కోసం ఆమెను రోజూ తిట్టే మనిషి! నశ్యం వాసనే గిట్టనివాడు ఇంత చిటికెడు ముక్కులో కూరుకుని, ఇల్లదిరేలా తుమ్మాడు.

"రెండైనాయి, ఇంగ దోషం ల్యా" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఇంగ నువ్వొకటి తుమ్ముతే నేనొకటి తుమ్ముతా. ఆ కొస పట్టుకో తల్లీ."

ఆ ఇంట్లో కొత్త పడుగు కొస ఇంటివాళ్లే పట్టాలి, బయటివాళ్లను ముట్టనివ్వరు. నేను పట్టుకున్నాను. ఏడుపు ఆపుకోవడం మాత్రం నా వల్ల కాలేదు.