వడ్డీ లేని పరుపు

అల్లూరులో అత్తగారింటికి కాపురానికి వెళ్ళిన కొత్తల్లో నాకు తెలిసివచ్చింది ఒకటే: ఆ ఇంట్లో వాళ్ళు దూదిలోనే పుడతారు, దూదిలోనే దగ్గుతారు. మా మామగారు అలా దగ్గుతూనే పోయాడట. మా ఆయన వసారాలో విల్లు వేలాడదీసి దూది ఏకేవాడు. మా అత్త పరుపులు కుట్టేది. నేను వచ్చాక దిండ్లు నా పాలబడ్డాయి.

పెళ్ళిళ్ళ కాలానికి ముందే దూది కొనిపెట్టుకోకపోతే మాకు ఆ ఏడాదంతా పస్తులే. అందుకని ఏటా శెట్టి దగ్గర అప్పు చేసేవాళ్ళం. శెట్టి వడ్డీ పిండేవాడు, కానీ పిండుతున్నానని చెప్పి మరీ పిండేవాడు. ఆ ఒక్క విషయంలో ఆయన నిజాయితీపరుడు.

అరవైల మొదట్లో మా ఊరి బియ్యం మిల్లు యజమాని హజ్ యాత్ర చేసి వచ్చాడు. వెళ్ళేటప్పుడు మిల్లు సాయిబు, వచ్చేటప్పటికి హాజీ గారు. మక్కా నుంచి ఖర్జూరాలతో పాటు ఒక ఆలోచన కూడా తెచ్చుకున్నాడు. ఒక శుక్రవారం నమాజయ్యాక మసీదు మెట్ల మీద నిలబడి, వడ్డీ తీసుకోవడమూ ఇవ్వడమూ రెండూ పాపమేననీ, పేదలు శెట్టి గడప తొక్కి నరకానికి పోకుండా తానే వడ్డీ లేని అప్పులిస్తాననీ ప్రకటించాడు. ఇంట్లో తెలుగు మాట్లాడుకునే మాబోటి దూదేకుల వాళ్ళను అంతవరకూ ఆయన సగం ముస్లిములుగా కూడా లెక్కవేసేవాడు కాదు. ఆ శుక్రవారంతో మేము నిండు ముస్లిములమైపోయాం.

మా ఆయన వెలిగిపోతూ ఇంటికొచ్చాడు.

“వడ్డీ లేదంటమ్మా! అసలు కట్టేస్తే చాలంట.”

“మిల్లులో తవుడు గూడా తూకమేసి అమ్మే మనిషి, ఊరికే ఎందుకిస్తాడురా?” అంది మా అత్త.

“దేవుడి కోసం ఇస్తుండాడు.”

“అయితే వసూలు గూడా దేవుడి కాడే జేసుకోమను.”

అయినా అప్పు తెచ్చుకున్నాం. ఇంటికి తెచ్చిన దూది ఇంకా ఏకనేలేదు, హాజీ గారి గుమాస్తా వచ్చి కూర్చున్నాడు. హాజీ గారి కూతురూ అల్లుడూ వస్తున్నారు, ఒక జోడు పరుపు కావాలట. మా ఆయన నసుగుతూ కూలి మాటెత్తాడు.

“అంత ఉపకారం జేసినాయన్ని పరుపుకి కూలడుగుతావా అబ్బయా? ప్రేమతో కుట్టియ్యి,” అన్నాడు గుమాస్తా.

పరుపు తర్వాత ఆనుకునే బాలీసులు. తర్వాత చుట్టాలకు దిండ్లు. ఆ తర్వాత పాత బొంతలన్నీ విప్పి మళ్ళీ కుట్టడం. ప్రతిసారీ గుమాస్తా ప్రేమతోనే అడిగాడు. శెట్టి అంగట్లో వడ్డీ అని పిలిచేదాన్ని హాజీ గారింట్లో ప్రేమ అని పిలుస్తారని నాకప్పటికి అర్థమైంది. మా ఆయనతో అంటే, “నరకం కన్నా పరుపు మేలు గదా,” అన్నాడు.

మా అత్త మాత్రం సూది కింద పెట్టి, “శెట్టి వడ్డీ దీసుకోని పక్కకి పొయ్యేవాడు. ఈయన వడ్డీ వద్దంటానే మన వీపెక్కి పడుకున్నాడు,” అంది.

ఆ ఏడు నెల్లూరు నుంచి ఒక పెద్ద మౌల్వీ వచ్చాడు. హాజీ గారింటి పంచలో సాయంత్రం ఆయన ప్రసంగం. మగవాళ్ళంతా చాపల మీద, ఆడవాళ్ళం పరదా వెనక. మౌల్వీ గారిని కూర్చోబెట్టింది మేము కుట్టిన కొత్త పరుపు మీద, ఆనుకోమని ఇచ్చింది మేము కుట్టిన బాలీసు. ఆయన ఉర్దూ కలిసిన తెలుగులో వడ్డీ పాపం గురించి చాలాసేపు చెప్పాడు. హాజీ గారు పక్కనే కూర్చుని, తన గురించే చెబుతున్నట్టు తలాడించాడు. చివర్లో మౌల్వీ గారు ఎవరికైనా సందేహాలుంటే అడగమన్నాడు.

పరదా వెనక నుంచి మా అత్త గొంతు లేచింది. నేను కొంగు లాగాను. ఆగలేదు.

“అయ్యా, ఒకాయన వడ్డీ లేకుండా అప్పిచ్చినాడు. ఇచ్చినందుకు ఊరికే పరుపులు కుట్టించుకుంటుండాడు. అది ఏందయ్యా?”

“అదీ వడ్డీయే తల్లీ. అప్పు చూపించి ఏ లాభం పొందినా వడ్డీయే,” అన్నాడు మౌల్వీ గారు. “ఎవరాయన?”

“పేరెందుకులే అయ్యా. మీరు కూర్చోనుండారే, ఆ పరుపు గూడా మాదే.”

నవ్వొస్తుందో ఏడుపొస్తుందో తెలియక నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. పరదా సందులోంచి చూస్తే, మౌల్వీ గారు మెల్లగా లేచి పరుపు దిగి చాప మీద కూర్చున్నాడు. హాజీ గారు తలాడించడం ఆపేశాడు. పరుపు ఖాళీగా మిగిలింది.

మర్నాడు గుమాస్తా మా కూలి అంతా తెచ్చి అరుగు మీద విసిరాడు. అసలు మొత్తం వెంటనే కట్టమన్నాడు కూడా. కూలి డబ్బులకు ఇంకొంత కలపాలి. ఎక్కడికి పోతాం? శెట్టి దగ్గరికే పోయాం. ఆయన ఏమీ అడగకుండా ఇచ్చాడు. వడ్డీ మాత్రం ఒక్క కానీ తగ్గించలేదు.

“ఈ జనానికి మేలు జెయ్యగూడదు,” అని హాజీ గారు ఆ వడ్డీ లేని అప్పుల నిధి మూసేశాడు. ఊళ్ళో సగంమంది ఆయన్ని వదిలి మమ్మల్ని తిట్టారు. గాజులమ్మే వితంతువు ఒకామె, బుట్టకు సరుకు వేసుకోవడానికి హాజీ గారు అప్పు ఇస్తానన్నాడని ఆశపెట్టుకుని ఉండింది. వచ్చి మా వాకిట్లో ఏడ్చింది.

“నీ నోటి దురదకి నా గాజులు పొయినాయి గదక్కా!”

మా అత్త ఆ రోజు అన్నం కూడా సరిగా తినలేదు.

తర్వాత వారం మా అత్త ఒక కుండ పట్టుకుని ముస్లిముల వీధంతా తిరిగింది. అన్నం వండేటప్పుడల్లా ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు బియ్యం పక్కన పెట్టాలి. పోగైంది అమ్మి, అవసరమైన ఆడదానికి వడ్డీ లేకుండా ఇవ్వాలి. అంతా పుణ్యాత్ములేమీ కాదు. కొందరు నూకలు వేశారు, కొందరు పురుగుల బియ్యం వదిలించుకున్నారు. మా అత్త అలాంటి వాళ్ళ గుమ్మం ముందే బియ్యం జల్లించేది. విచిత్రమేమిటంటే, సన్నటి మొలగొలుకుల బియ్యం చాటెడు హాజీ గారింటి దొడ్డిదారిన వచ్చేవి. ఆయన భార్య పనిమనిషి చేత పంపించేది. “ఆయనకి జెప్పొద్దంట,” అనేది పనిమనిషి, ఊరందరికీ వినబడేలా.

మొదటి అప్పు గాజులామెకే ఇచ్చారు. మా అత్త ఒక్క దిండు గలీబు కూడా ఆశించలేదు. కానీ రోజూ ఆమె ఇంటికి పోయి, ఏ రంగు గాజులు కొన్నావు, ఎవరికి అరువిచ్చావు, తల్లో ఆ పూలెందుకు అని విచారణ చేసేది. గాజులామె నోరు మూసుకుని అంతా విని, అనుకున్నదానికన్నా ముందే అప్పు తీర్చేసింది.

మా వాకిట్లో బుట్ట దించి నాతో అంది: “ఇంకోసారి కావాల్సొస్తే శెట్టి కాడికే పోతాలేమ్మా. వడ్డీ అయినా కట్టొచ్చు, మీ అత్త బుద్ధులు ఇనలేను.”

అన్నదే గానీ, శెట్టి దగ్గరికి పోలేదు. మరుసటి ఏడు పెద్ద బుట్ట కోసం మళ్ళీ మా అత్త దగ్గరికే వచ్చింది, తల్లో పూలు తీసేసి మరీ.