పసుపు పూసిన సొట్ట

మొన్న మా అమ్మాయి కారు హనుమకొండ చౌరస్తాలో ఓ ఆటోను రాసుకుని, బంపరు మూల లోపలికి పోయి, పగిలి ఇంటికొచ్చింది. అప్పటి నుంచి ఇంట్లో ఒకటే చర్చ. బంపరు మొత్తం మార్పించాలని అమ్మాయి, అతికించి రంగేయిస్తే చాలదా అని అల్లుడు, ఇన్సూరెన్సుకు పెట్టాలా వద్దా అని ఇద్దరూ. వరండాలో కూర్చుని వింటున్న నాకు ఆ మాటలు మెల్లమెల్లగా దూరమైపోయి, ఎక్కడి నుంచో ఎనుమాముల మార్కెట్ మిర్చి ఘాటు ముక్కుకు తగిలి కళ్లు చెమర్చాయి. ఇది మిర్చి వచ్చే కాలం కూడా కాదు.

అక్కడ మా బావ, అంటే మా అక్క పెనిమిటి, మిర్చి కమీషన్ దుకాణం, అడ్తి నడిపేవాడు, నేనూ అందులోనే పనిచేసేవాణ్ని. ఆయనకో తెల్ల అంబాసిడర్ ఉండేది. అది కదిలిందంటే వరంగల్ ఊరు ఊరంతా తలుపులు తీసుకుని చూసేది. సరే, ఊరంతా కాదు, మా వాడకట్టు వరకు. ఆ కారులోనే మేము మరిపెడకు నా పెళ్లిచూపులకు పోవాలి. పిల్లను నేను అంతకుముందే ఒక చుట్టాల పెళ్లిలో చూసి ఉన్నాను. భోజనాల బంతిలో లడ్డూలు వడ్డిస్తూ వచ్చి, సరిగ్గా నా విస్తరి దగ్గర పళ్లెం ఖాళీ అయ్యేసరికి, ఖాళీ పళ్లెం నాకు చూపించి నవ్వింది. లడ్డూ దొరకలేదు గానీ ఆ నవ్వు మాత్రం నాతోపాటు ఇంటికొచ్చి, గల్లాపెట్టె దగ్గర కూర్చున్నా, బస్తాల మధ్య నిలబడ్డా నన్ను విడవలేదు. చిక్కల్లా వాళ్ల నాయనమ్మతోనే. ఆ ఇంట్లో చివరి మాట ఆమెది, ఆమెకు శకునాల పట్టింపు. అంతకుముందు వచ్చిన సంబంధం వాళ్ల బండి ఎద్దు దారిలో కుంటిందని తెలిసి, మంచినీళ్లిచ్చి వెనక్కి పంపించిందట.

అట్లాంటి ఇంటికి రేపు బయలుదేరాలనగా, మార్కెట్ యార్డులో కొండంత మిర్చి లారీ ఒకటి బుసలు కొడుతూ మా కారు మీదికి దూసుకొచ్చింది. ఈ లారీని మా మనవలు ఇప్పటికీ నమ్ముతారు. మీతో దాపరికమెందుకు, లారీ లేదు. ఎడ్లను విప్పేసిన బండి ఒకటి తన మానాన తాను నొగ చాచుకుని నిలబడి ఉంటే, బావే కారును వెనక్కి తీస్తూ పోయి దానికి గుద్దించాడు. వెనక మడ్‌గార్డుకు గిన్నెంత సొట్ట పడింది.

పోచమ్మ మైదానం దగ్గరి డెంటింగ్ మేస్త్రి సొట్టలో అరచెయ్యి పెట్టి చూశాడు. "లోపటి నుంచి కొట్టి లేపుత సేటూ, గని రంగు ఆరాల్నంటే రెండొద్దులు వడ్తది. ఇయ్యాల్నే గావాల్నంటే లప్పం పెట్టి రంగేస్త. ఎండకు పెచ్చులూడితే మల్ల నన్ననొద్దు" అన్నాడు. పెచ్చులు మరిపెడ దాకా ఆగుతాయన్న నమ్మకం లేదు. బస్సులో పోదామంటే, కారులో వస్తున్నామని బావ ముందే గొప్పగా కబురు పంపాడు. ప్రయాణం వాయిదా వేస్తే ఎందుకని ఆ నాయనమ్మ అడక్క మానదు. సొట్ట ఉన్న పక్కను గోడకు ఆనించి నిలబెడదామన్నాడు బావ. నాకైతే ఏడుపొక్కటే తక్కువ.

ఇదంతా విన్న మా అక్క, "మీ మగోళ్ల తెలివి మోకాళ్లల్ల ఉంటదిరా. పూజ చేసిన బండి తీరు పసువు వెడితే అయిపాయె గదా" అని, పసుపు ముద్ద తడిపి సొట్ట నిండా మెత్తింది. ఒక్కచోటే పెడితే అనుమానమొస్తుందని నాలుగు మూలలా మెత్తి, బొట్లు పెట్టి, ముందు బంతిపూల దండ కట్టింది.

ఆ ప్రయాణం ఇప్పటికీ నాకు సగం కలలాగే ఉంటుంది. వర్ధన్నపేట, తొర్రూరు దాటి పోతుంటే రోడ్డుకు రెండు వైపులా చివరి ఏరుడుకు మిగిలిన పత్తి, గాలికి లేచిన దూది పింజలు, కారు నిండా బంతిపూల వాసన, పసుపు వాసన. ఆ దారి అయిపోకూడదనీ, తొందరగా అయిపోవాలనీ ఒకేసారి అనిపించింది.

తీరా చూస్తే ఆ ఇంటి గోడ బావ అనుకున్న పక్కన లేదు. సొట్ట సరిగ్గా వాకిలికి ఎదురుగా నిలబడింది. నాయనమ్మ బయటికొచ్చింది. మమ్మల్ని పలకరించకుండా కారు దగ్గరికే పోయి, బొట్టును కళ్లకద్దుకోబోయి వేలు ఆనించింది. వేలు పసుపులోకి దిగిపోయింది. బావ దగ్గాడు. నాకైతే ఆ లడ్డూల పళ్లెం మళ్లీ ఖాళీ అయినట్టనిపించింది.

"ఎప్పుడు తాకిందే?" అని ఆమె మా అక్కను అడిగింది.

"నిన్ననే, పెద్దమ్మా" అంది అక్క, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా.

నాయనమ్మ వేలికంటిన పసుపును కాసేపు చూసుకుంది. "మంచిదే. పిల్లగాని మీదికి రావాల్సింది ఇనుము మీదికెళ్లి పోయింది. కాళ్లు కడుక్కోని లోపల్కి రాండ్రి."

లోపల పిల్ల నన్ను చూసి చూపు తిప్పుకోలేకపోయిందని చెప్పుకునేవాణ్ని. "నన్నెక్కడ చూసిండు, కిటికీల నుంచి ఎంతసేపూ కారు దిక్కే చూసిండు" అని మా ఆవిడ అందరి ముందూ పరువు తీస్తుంది. కుంటిన ఎద్దుకు లేని క్షమాపణ మా సొట్టకెట్లా దొరికిందని ఒకసారి ఆ నాయనమ్మనే అడిగితే, "నువ్వు నచ్చినవనుకుంటున్నవా? మీ అక్క నచ్చింది" అంది.

బావ ఆ సొట్టను తీయించనే లేదు. ప్రతి దసరాకు అక్క మొదటి పసుపు అందులోనే పెట్టేది. కారు అమ్మినప్పుడు సొట్టతోనే పోయింది. ఇప్పుడు అక్కా లేదు, బావా లేడు.

ఇదంతా తలుచుకుంటూ ఉండగానే మా ఆవిడ గిన్నెలో పసుపు కలుపుకుని కారు దగ్గరికి నడిచింది. "అమ్మా, ఫోటోలు పంపేదాక ఆగవే, ఇన్సూరెన్సోళ్లు ఏమంటరో!" అని అమ్మాయి అరిచింది. ఆమె వినలేదు, పూసింది. ప్లాస్టిక్ కదా, లోపలికి పోయిందంతా దానంతటదే మళ్లీ పొంగింది, వేలు ఆనడానికి గుంట లేదు. పసుపు ఆరి పొడిపొడిగా రాలిపోయింది. రేపు ఆ బంపరు ఎటో పోతుంది, కొత్తది వస్తుంది. దెబ్బ తగిలిన సంగతి ఆ కారుకు గుర్తుండదు. మా కాలపు ఇనుముకు అంత సుళువుగా మరిచిపోవడం చేతకాలేదు, మాకూ చేతకాలేదు.

గిన్నెలో మిగిలిన పసుపును మా ఆవిడ గడపకు రాసి లోపలికి వెళ్లింది.