వెండి వినే కమలాంబత్త

చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లో అందరూ వెండిని కళ్ళతో చూసి కొంటారు. కమలాంబత్త ఒక్కతే చెవితో కొంటుంది. పాత రూపాయి బిళ్ళని బొటనవేలితో పైకెగరేసి, వంటింట్లో కడపరాయి మీద పడనిచ్చి, కళ్ళు మూసుకుని వింటుంది. ఖణ్ అంటే వెండి. టప్ అంటే తీసుకెళ్ళి పారెయ్. డెబ్బై రెండేళ్ళ వయసులోనూ ఆ తీర్పుకి అప్పీలు లేదు.

ఆ చెవి వెండితో ఆగిందా? కొబ్బరికాయ, పుచ్చకాయ, ఇత్తడి బిందె, ఏది కనపడినా వేలితో కొట్టి వినాల్సిందే. కొడుకు రాజీవ్ పెళ్ళిచూపుల్లో పిల్ల చేతిలోని కాఫీ గ్లాసుని కూడా టంగుమనిపించి, "స్టీలు మంచిది, పిల్ల కూడా మంచిదే" అని ఆడనే ఖాయం చేసేసింది. ఇక మూడిళ్ళవతల ఉన్న వైదేహి కుక్కర్‌కి ఎన్ని విజిల్స్ వచ్చాయో వైదేహికి తెలీదు, ఈమెకి తెలుసు. "వైదేహీ! నాలుగైపోయినాయి, ఆపవే!" అని కిటికీలోంచి ఒక్క కేక వేస్తే వీధిలో సగం మంది తమ స్టవ్వులు కూడా ఆర్పేసుకునేవాళ్ళు. "ఒకసారి చెవులు చూపించుకుందాం రామ్మా, వయసైంది కదా" అన్న పాపానికి రాజీవ్‌తో వారం రోజులు మాట్లాడలేదు.

అట్లాంటి అత్త దగ్గరికి ఒక ఆదివారం పొద్దున్నే మేనకోడలు రంజని వచ్చింది. షోళింగనల్లూరులో ఐటీ ఉద్యోగం, మొదటి బోనసు, ఆ డబ్బుతో వెండి కొనాలని పట్టుదల. తొందరపడి ఫోన్‌లో చూసి ఒక నాణెం తెప్పించుకుంది కూడా. ధగధగలాడే రాజుగారి బొమ్మ, ప్లాస్టిక్ పెట్టె, దానికో సర్టిఫికెట్టు.

"రేర్ కాయిన్ అత్తా! ఐదువేలు!"

అత్త పెట్టె విప్పి బిళ్ళని రాయిమీద వేసింది. టప్.

"సర్టిఫికెట్టు మాత్రం మంచి కాగితమే" అనింది అత్త.

రంజని మొహం ఇంతైపోయింది. అంత డబ్బు పోయిందంటే ఏడుపు రాదా మరి!

"ఏడవబాకే. ఫీజు కట్టేసినావు, ఇంక పాఠం నేర్చుకో. పద వెంకటపతి అంగడికి."

వెంకటపతి పాత వెండి వ్యాపారి. అత్త గడప తొక్కగానే అడగకుండానే ఫ్యాను ఆపేశాడు. చప్పుడు కలిసిపోతే ఆమె ఊరుకోదని అతనికి ఇరవై ఏళ్ళ అనుభవం. చెమట తుడుచుకుంటూ వెల్వెట్ పెట్టె తెరిచాడు.

"ఇది చూడండమ్మా, రాణీగారి కాలంది. ముక్కు కూడా అరగలా. రేటు కొంచెం ఎక్కువ..."

"ఆమె ముక్కుకి నేనెందుకయ్యా డబ్బులియ్యాల? మా చుట్టమా? ఈ పిల్ల నాణేలు పోగేసుకునేదానికి రాలా, వెండి కొనేదానికి వచ్చింది. మామూలు బిళ్ళలు తియ్యి. అరిగిపోయి ఎవురికీ అక్కర్లేనివి. తూకానికి."

ఇక పాఠం మొదలైంది. "మొహం చూడబాక, తూకం చూడు. పంతొమ్మిదొందల నలభైకి ముందు రూపాయైతే దాదాపు అంతా వెండే, తర్వాత ఐదారేళ్ళవాటిల్లో సగమే. మళ్ళీ అమ్మితే ఎంతకి తీసుకుంటావని కొనకముందే అడుగు. బోనసంతా ఒక్కరోజే పోసెయ్యబాక. అన్నిటికన్నా ముందు, విను."

ఖణ్, ఖణ్, ఖణ్. చెమటలు కారుతున్నా రంజని కళ్ళు మూసుకుని వింది. పన్నెండో బిళ్ళకి అత్త కన్నా ముందే "ఇది వద్దు" అనింది. అత్త ఆటోలో ఇంటిదాకా నవ్వుతానే ఉండింది. మంచివి పది కొనుక్కుని రంజని రాణిలాగా కూర్చుంది.

ఇంటిముందు పూలమ్మే చెల్లమ్మ కాచుకోనుంది. వెంట వంటింట్లోకొచ్చి, కొంగుముడి విప్పి, కడపరాయి పక్కన పాత రూపాయి బిళ్ళలు పది పెట్టింది.

"మా అత్త పోయేటప్పుడు ఇచ్చింది కమలమ్మా. మనవరాలు వల్లికి నర్సింగు సీటొచ్చింది. రేపటికి ఫీజు కట్టకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారంట. ఊరికే వద్దు. వెండికెంతొస్తే అంతే ఇయ్యండి."

ఊరికే ఇస్తే చెల్లమ్మ తీసుకునే మనిషి కాదు. పోయిన వానాకాలం అత్త ఒక చీర ఇస్తే, నెలరోజులు వద్దన్నా మల్లెపూలు తెచ్చిపోసి బదులు తీర్చేసింది.

అత్త మొదటి బిళ్ళ ఎగరేసింది. ఖణ్. రెండోది, టప్. మూడోది, టప్. రంజని గుండె కూడా టప్పుమంది. పదింటిలో పలికినవి మూడు. ఎవడో మహానుభావుడు చెల్లమ్మ అత్తని ఎప్పుడో నిండా ముంచాడు.

అత్త బిళ్ళలన్నీ మళ్ళీ ఒకే కుప్పగా చేర్చింది. తర్వాత చెవిలో వేలు పెట్టి గట్టిగా తిప్పుకుంది.

"ఏందో చెల్లమ్మా, నాకీ మధ్య చెవి సరిగ్గా వినపడటంలా. అన్నీ ఒకటే మాదిరి ఉండాయి. తూకం చూసి ఇచ్చేస్తాలే."

"మీకు చెవుడా?" చెల్లమ్మ నోరు తెరిచింది. "నిన్న వీధి చివర నేను దగ్గితే మిరియాల పాలు పంపించినారే!"

"అది నిన్న."

చెల్లమ్మకి నమ్మకం కుదరలేదు. రంజనివైపు తిరిగింది. "నీవి పడుచు చెవులు. నువ్వు చెప్పు పాపా. మంచిదేనా?"

పొద్దున్నే నేర్చుకున్న విద్య. రంజని అత్త మొహం చూసింది. ఆమె గోడమీద క్యాలెండరు చదువుతోంది.

"ఒరిజినల్ వెండి చెల్లమ్మా! ఏం సౌండు, అబ్బా!"

అత్త లోపలి గదిలోకెళ్ళి, ఆ రోజు రేటు కట్టి, పది బిళ్ళల డబ్బూ తెచ్చి చెల్లమ్మ చేతిలో పెట్టి, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టింది. సరిగ్గా అప్పుడే మూడిళ్ళవతల వైదేహి కుక్కర్ మొదలెట్టింది.

ఒకటి. రెండు. అత్త కాలు ఊపడం మొదలెట్టింది. మూడు. కొంగు నోట్లో కుక్కుకుంది. నాలుగు. ఆమె కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. చెల్లమ్మ కాఫీ తాగుతూ ఆమెనే చూస్తోంది. ఇంకో విజిల్ వస్తే రహస్యం, పప్పు రెండూ గంజే!

రంజని ఒక్క ఉరుకున కిటికీ దగ్గరికి పోయింది.

"వైదేహక్కా! నాలుగైపోయినాయి, ఆపు!"

కుక్కర్ ఆగింది. అత్త ఊపిరి పీల్చుకుంది. చెల్లమ్మ గ్లాసు కింద పెట్టి, "అయ్యో పాపం, నిజంగానే పోయినట్టుండాది" అని జాలిపడి, అత్త చెవి దగ్గర నోరు పెట్టి, "ఇంట్లో ఇంకా కొన్ని బిళ్ళలుండాయి! వచ్చే ఏడు ఫీజుకి తెస్తా!" అని అరిచి వెళ్ళిపోయింది.

సాయంత్రానికి కబురు వీధంతా పాకింది. మరుసటి ఆదివారం రాజీవ్ చెవి మిషను కొనుక్కొచ్చాడు. అత్త కిమ్మనకుండా పెట్టించుకుంది.

"పాపం అత్తా, ఎన్నాళ్ళు ఈ వేషం?" అని రంజని అత్త చెవిలో గుసగుసలాడింది.

"వల్లి చదువు అయిందాకా. ఇంకా మూడేళ్ళు నాకు చెవుడే."

"మరి ఆ మిషనన్నా ఆన్ చేసుకో, రాజీవ్ బావ బాధపడతాడు."

"చేసి చూసినాన్లేవే," అనింది అత్త చిరాగ్గా. "పక్కవీధి కుక్కర్లు కూడా వినపడతా ఉండాయి."