తలుపు వేసుకుని పడుకున్న మా శేషగిరి బాబాయ్

నిన్న పొద్దున పళ్లు తోముకుంటుంటే ఫోన్.
మా కోల్డ్ స్టోరేజీలో బస్తాలు మోసే ముఠాకి మేస్త్రీ, కోటయ్య గారు.

"అమ్మాయ్, మీ బాబాయ్ లెగటంలా. ఎంత పిలిచినా పలకటంలా. నువ్వు రామ్మా."

నైట్ డ్యూటీ చేసిన మనిషి, ఒళ్లు మరిచి పడుకుని ఉంటాడు, దానికింత గోలెందుకు అని విసుక్కున్నాను. స్కూటీ తీసేలోపు మళ్లీ ఫోన్. ఈసారి కోటయ్య గారు ఏడుస్తున్నారు.

శేషగిరి బాబాయ్ లేడు.

రాస్తున్నా గానీ, ఇంకా నమ్మకం కుదరట్లేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. మా నాన్నకి చిన్నాన్న కొడుకు. సొంతూరు ప్రత్తిపాడు. గుంటూరు బయట ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో మెషిన్ ఆపరేటర్. అక్కడే ఆఫీసులో నాకు కంప్యూటర్ పని ఇప్పించింది ఆయనే.

బాబాయ్ అనగానే అక్కడ అందరికీ గుర్తొచ్చేది ఒకటే కేక.
"తలుపు వెయ్యండ్రా! చలి పారిపోద్ది!"

ముఠావాళ్లు మిర్చి బస్తాలు మోస్తూ ఛాంబర్ తలుపు బార్లా తీసి వదిలేస్తే ఆయన ప్రాణం ఒప్పుకునేది కాదు. చల్లగాలి బయటికి పోతే మెషిన్ ఇంకాసేపు తిరగాలి, కరెంటు తగలబడాలి. ఓనర్‌కి లేని బాధ ఈయనకి.

"మీ మామగారు రాసిచ్చారా బాబాయ్ ఈ స్టోరేజీ?" అని ఏడిపించేదాన్ని.
"కరెంటు ఎవడిదైతే ఏంటే, కాలితే కాలినట్టేగా" అనేవాడు.

అట్లాగని మనుషుల్ని పట్టించుకోని రకం కాదు. ఛాంబర్‌లోంచి వణుక్కుంటూ వచ్చినవాణ్ని ఊరికే వదిలేవాడు కాదు. ముందు ఆ తడి చొక్కా మార్చరా, చెవులకి గుడ్డ కట్టరా అని తిట్టి, చేతిలో శొంఠి కాఫీ పెట్టేవాడు.
పెట్టి, "తలుపేశావా?" అనేవాడు.

ఒకసారి మధ్యాహ్నం అందరం అన్నం తింటున్నాం. ముద్ద నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు.
"అమోనియా" అన్నాడు.

మాకెవరికీ ఏ వాసనా లేదు. గోంగూర వాసనేమోలే అని నవ్వుతున్నాం. ఆయన నవ్వలేదు. అందరినీ బయటికి తరిమి, మాస్క్ పెట్టుకుని లోపలికి వెళ్లి వాల్వ్ కట్టేసి వచ్చాడు. నిజంగానే గ్యాస్ లీక్, ఛాంబర్లని చల్లబరిచే మెషిన్‌లోంచి. ఆ రోజు మేమంతా ఇళ్లకి వెళ్లామంటే ఆ ముక్కు పుణ్యమే.

అప్పట్నుంచి ఆ ముక్కు మీద మాకు గుడ్డి నమ్మకం.
ఆయనకీ అంతే. అదే కొంప ముంచింది.

ఈసారి చలి ఎట్లా ఉందో మీకు తెలుసుగా. బారెడు పొద్దెక్కినా మంచు విడవట్లేదు. ఆపరేటర్ రూమ్‌లో పాత హీటర్ ఒకటి ఉండేది. కరెంటు తాగుతోందని మేనేజర్ దాన్ని తీయించేశాడు. నేను పోట్లాటకి వెళ్తుంటే బాబాయే ఆపాడు.
"నిజమేగా అమ్మా. పక్క గదిలో కరెంటు పెట్టి చలి చేస్తా, ఈ గదిలో కరెంటు పెట్టి వేడి చేసుకుంటామా?"

ఇస్త్రీ బండాయన దగ్గర బొగ్గులు తెచ్చుకున్నాడు. ఇనుప గమేళాలో పోసి, బయట అంటించి, పొగంతా పోయాక లోపలికి తెచ్చుకునేవాడు. జాగ్రత్తగానే చేస్తున్నా అనుకున్నాడు పాపం.

పిన్ని ఫోన్‌లో భయపడితే ఏమన్నాడో నిన్న చెప్పి చెప్పి ఏడ్చింది.
"పొగా లేదు, ఘాటూ లేదు. గ్యాసే అయితే నా ముక్కు నన్ను లేపదటే?"

లేపలేదు.

బొగ్గుల గాలికి వాసనే ఉండదంట. దగ్గు కూడా రాదంట. మూసిన గదిలో నిద్రలోనే మనిషిని తీసుకుపోతుందని హాస్పిటల్‌లో డాక్టర్ చెప్పారు. మిర్చి ఘాటులో పుట్టి పెరిగినవాళ్లం మనం. దగ్గు రాలేదంటే గాలి మంచిదే అనుకుంటాం.

తలుపు కింద సందులో ఖాళీ గోతాం మడిచి కుక్కి ఉంది. ఆయనే కుక్కుకున్నాడు.
వేడి పారిపోకుండా.

నిద్రలో పోయాడు, అదృష్టవంతుడు అని నిన్న ఒక పెద్దాయన అన్నాడు. నోరు మూసుకోండి అన్నాను. తప్పో ఒప్పో, అన్నాను.
ఏం అదృష్టమండీ?

"చలేస్తదయ్యా ఆయనకి, అసలే ఆగలేడు" అని పిన్ని పాడె మీద మనిషికి మంకీ క్యాప్ తొడిగింది. ఎవరం ఆపలేకపోయాం. ఆ క్యాప్‌తోనే పంపించాం.

దండం పెట్టి చెప్తున్నా. బొగ్గులు గదిలో పెట్టుకుని పడుకోకండి. ఇంకో దుప్పటి కప్పుకోండి, ఇంకో చొక్కా వేసుకోండి, వణకండి, ఫర్వాలేదు.

ఇది చదివి ఎవరైనా మారతారని నాకైతే ఆశ లేదు. ఎందుకో చెప్తా.

ఇవాళ పొద్దున ఆయన క్యారేజీ, దుప్పటి తెచ్చుకుందామని స్టోరేజీకి వెళ్లాను. ఆపరేటర్ రూమ్ తలుపు వేసి ఉంది. తోస్తే లోపల రమేష్. ఇంకో షిఫ్ట్ ఆపరేటర్. నిన్న పాడె మోసినవాడు. కాళ్ల దగ్గర అదే గమేళా, నిండా ఎర్రటి బొగ్గులు.

"ఒరేయ్, బుద్ధుందా నీకు? నిన్నేగా చూశావు!"

"చలి అక్కా. తట్టుకోలేకపోతున్నా. నేను నిద్రపోనులే."

తలుపు, కిటికీ బార్లా తీశాను. గమేళా బయటికి లాగి పడేశాను. వాడు తల దించుకుని నిలబడ్డాడు.

గేటు దాకా వచ్చి వెనక్కి చూశాను.
తలుపు వేసి ఉంది.
బయట గమేళా లేదు.

నాకింక ఓపిక లేదు బాబాయ్.

వెళ్లిరా. ఇప్పుడు నువ్వున్న చోట తలుపులన్నీ తీసే ఉండాలి, బోలెడంత ఎండ రావాలి. ఎవరి కరెంటు గురించీ బెంగ పెట్టుకోకుండా హాయిగా పడుకో.