చల్ల వాల్వు

అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. లారీ తోలడం మొదలుపెట్టాక అది ఇంకా ముదిరింది.

యుద్ధం రోజులు. నల్లమల నుంచి వెదురు వేసుకుని అచ్చంపేట మీదుగా మహబూబ్‌నగర్ చేర్చడం నా పని. ఎత్తు ఎక్కితే చాలు, రేడియేటర్ బుసబుసా పొంగేది. మూడోసారి దారిలో నిలిచిపోయినప్పుడు యజమాని పిలిపించాడు.

"ఇంకొక్కపారి పొంగిందంటే స్టీరింగ్ వేరేటోనికిస్త" అన్నాడు.

లారీ పోతే మళ్ళీ దొర పొలంలో కూలికి పోవాల్సిందే. మా వాడలో స్టీరింగ్ పట్టిన మొదటివాణ్ణి నేనే. నన్ను దించి చూడాలని ఎందరికో ఉందని నా నమ్మకం.

మహబూబ్‌నగర్‌లో మిస్త్రీ దగ్గరికి పోయాను. ఇంజనులోని నీళ్ళు కాగేదాకా రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే చిన్న మూత ఒకటుంటుంది, థర్మోస్టాట్ అంటారు. ఆయన దాన్ని ఊడదీసి ఇంకోటి చూపించాడు.

"గిది చల్ల వాల్వు భాయ్. జర వేడెక్కంగనే తెరుచుకుంటది. బిగించి చూద్దాం."

ఆ "చూద్దాం" నాకు నచ్చలేదు. పాతది మంచిదే అయ్యుంటుంది, దాన్ని కొట్టేసి నాకు చెత్త అంటగడుతున్నాడనుకున్నాను. ఆయన కొట్టు ముందు రోజూ కూర్చునే ఇంకో డ్రైవరు కన్ను నా సీటు మీద ఉండనే ఉంది. లారీ అక్కడే వదిలి, రెండు వాల్వులూ జేబులో వేసుకుని ఇంటికి వచ్చాను.

పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు పెట్టి, కట్టెకు దారాలు కట్టి రెంటినీ అందులో వేలాడదీశాను.

"బువ్వ వండే గిన్నెల గీ ఇనుప ముక్కలేందయ్యా? పిచ్చి గిట్ల లేసిందా?" అంది నా భార్య.

వేలు పెడితే చురుక్కుమనే వేళకు కొత్తది నోరు తెరిచింది. పాతది నీళ్ళు తెర్లబోతుంటే గానీ కదలలేదు. మిస్త్రీ చెప్పింది నిజమే. అయినా నా అనుమానం తీరలేదు. నిజం చెప్పి మరీ మోసం చేసేవాళ్ళు లేరా!

మర్నాడు కొట్టుకు తిరిగిపోయి కొత్తదాన్నే బిగించాం. చదును నేల మీద ఇంజను చల్లగా నడిచింది. సరుకేసుకుని వస్తుంటే మొదటి ఎత్తులోనే మళ్ళీ పొంగింది. యజమానికి తెలిసేలోపు మిస్త్రీ గల్లా పట్టుకోవాలని పోయాను.

ఆయన నా అరుపులు పట్టించుకోలేదు. రేడియేటర్ విప్పి, బోర్లించి తట్టాడు. తెల్లటి పెచ్చులు రాలాయి.

"వాల్వు దారి ఇడుస్తది భాయ్. గీడ దారే మూసుకపోయింది. గీ ఉప్పునీళ్లు యాడియి? ఊరి బాయి నీళ్లు దొర్కలేదా?"

దొరికేవి. మా నాయన కాలంలోనే మేం క్రైస్తవులమైనా, బావి దగ్గర మా చోటు మారలేదు. మేం చేద ముట్టకూడదు. దూరంగా నిలబడి, ఎవరైనా దయతలచి పోసేదాకా పిలుస్తూ ఉండాలి. డ్రైవరునయ్యాక అలా నిలబడటానికి మనసొప్పక, ఎవరూ తాగని ఉప్పు బావులు వెతికి మరీ ఇంజనుకు పోశాను. లోకాన్నంతా అనుమానించినవాణ్ణి, నా చేతిని మాత్రం అనుమానించలేదు.

మిస్త్రీ బట్టల సోడా కలిపిన నీళ్ళతో రేడియేటర్ కడిగి బిగించి ఇచ్చాడు. తర్వాతి ప్రయాణంలో ఒక ఊరి బావి ముందు లారీ ఆపి, దూరంగా నిలబడ్డాను.

"అమ్మా, జర నీళ్లు పొయ్యున్రి. బండికి."

నీళ్ళు చేదుతున్న ఒకామె నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు అటు జరుగు" అంది.

బిందె ఎత్తుకుని వచ్చి, దాని అంచు రేడియేటర్ మూతికి ఆనించి నిండా పోసింది. బిందెలో ఇంకా నీళ్ళు మిగిలాయి. పొద్దుటి నుంచి నేను గుక్కెడు తాగలేదు. వంగి దోసిలి పట్టాను. ఆమె నాలుగడుగులు వెనక్కి వేసి, బిందెను పైకెత్తి, ఎక్కడా తగలకుండా సన్నగా ధార వదిలింది.

తాగుతూ, బిందె అంచు ఆనిన నా లారీ మూతి వైపు చూశాను. కడుపు మండిపోయింది.