ఆపరేషన్‌కి ముందు చెంచాడు పెరుగు

మా గుమ్మంలోకి ఎవరొచ్చినా నేను ముందు అడిగేది "తిన్నారా?" అనే. మీటరు రీడింగుకి వచ్చినాయన్నీ అడుగుతాను, చందా కోసం వచ్చినవాళ్ళనీ అడుగుతాను. భీమవరం నుంచి అమీర్‌పేటకి వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా, ఖాళీ కడుపుతో ఎవర్నీ గడప దాటనివ్వని ఇల్లాలినని నాకు నేనే బిరుదిచ్చుకున్నాను. ఆ బిరుదు ఒక పిల్లి ప్రాణం మీదికి తెచ్చింది.

మా అపార్ట్‌మెంట్ కింది షట్టరులో ఒకామె బ్లౌజులు కుడుతుంది. సిరిసిల్ల వైపు మనిషి. నేను ఏ ఏడు ఎంత లావయ్యానో ఆమె కొలతల పుస్తకంలో వివరంగా ఉంటుంది. ఆ షాపులో, గుడ్డముక్కల బుట్టలో ఓ బూడిదరంగు పిల్లి కాపురం పెట్టింది. పోయినసారి నాలుగు పిల్లల్ని పెడితే వాటిలో రెండు బండ్ల కింద పడి చచ్చిపోయాయి. వాటిని పట్టుముక్కల్లో చుట్టి పూడ్చింది ఆమే. ఈసారి మళ్ళీ పిల్లలు పెడితే తల్లిని గోనెసంచిలో కట్టించి ఊరవతల వదిలేయిస్తానని షట్టరు ఓనరు తేల్చి చెప్పేశాడు. ఆయన అన్నంత పనీ చేసే మనిషి.

"ఆపరేషన్ చేయిద్దాం" అని ప్రకటించింది నేనే. పంజాగుట్టలో పెద్ద పశువుల ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఎంతవుతుందో విని, "సారీ, రాంగ్ నంబర్" అని పెట్టేశాను. తర్వాత తెలిసింది, అదే పంజాగుట్ట సందుల్లో ఏదో ట్రస్టువాళ్ళ క్లినిక్కుందని, కుక్కలకీ పిల్లులకీ నామమాత్రం ఫీజుకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తారని. కాకపోతే ముందే పేరు రాయించుకోవాలి. ఈ నెల తప్పితే మళ్ళీ వచ్చే నెలే. అప్పటికి పిల్లి ఊరుకుంటుందా?

వెంటనే పేరు రాయించాను. ముందురోజు రాత్రి నుంచి ఏమీ పెట్టకూడదన్నారు. ఇంకేం, నేను డాక్టరైపోయాను. "మత్తులో వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ప్రాణమే పోవచ్చు. నువ్వేమో జాలిపడి ఏదో ఒకటి పెట్టేస్తావు" అని ఆమెకి పాఠం చెప్పి, నమ్మకం చాలక పిల్లిని తెచ్చి మా బాత్‌రూంలో పెట్టుకున్నాను.

తెల్లారింది. నేను నాలుగిడ్లీలు తిన్నాను. పిల్లిని బుట్టలో పెడుతుంటే ఒకటే అరుపు. శుభమా అని బయల్దేరుతూ ఆ ఏడుపేంటి? మా అమ్మ పరీక్షలకి వెళ్ళేప్పుడల్లా నా నోట్లో చెంచాడు పెరుగు పెట్టి పంపేది. చెయ్యి దానంతటదే గిన్నెలోకి పోయింది. చెంచాడేలే అనుకున్నాను. ఆ పరీక్షలు నేనెంత చక్కగా రాశానో అప్పుడైనా గుర్తు రాకూడదూ!

క్లినిక్కులో డాక్టరమ్మ అడిగింది. "రాత్రి నుంచి ఏమీ పెట్టలేదు కదండీ?"

నిజం చెప్పేదాన్నేనేమో. ఈలోపు నాతో వచ్చిన మా దర్జీ ఆమె అందుకుంది. "మేడం మస్తు జాగ్రత్త. నన్ను సుత నమ్మక బాత్‌రూంల పెట్టుకున్నరు."

"ఏమీ పెట్టలేదండీ" అన్నాను. కాగితం మీద సంతకం కూడా గీకాను. బుట్ట లోపలికి వెళ్ళిపోయింది.

బెంచీ మీద కూర్చున్నాం. మా పక్కన ఓ ఆటో ఆయన వీధికుక్కని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మా దర్జీ ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ మెల్లగా అడిగింది. "మేడం, మత్తుల పాణం పోతదా గట్ల?"

"ఛ, ఏం కాదు" అన్నాను. నిన్న నేను చెప్పిన పాఠం పొల్లు పోకుండా నాకే వినపడింది. సిగ్గూ శరమూ వదిలేసి లేచి వెళ్ళి ఆ తలుపు దబదబా బాదాను. "పెరుగు పెట్టానండీ! పొద్దున్న! చెంచాడు!"

క్లినిక్కంతా విన్నది. ఆటో ఆయన నోరు తెరిచాడు. "ఏందమ్మా, ఆపరేషన్‌కి పోయేదానికి పెరుగు పెడ్తరా ఎవలన్న?"

డాక్టరమ్మ బయటికొచ్చి నన్ను కిందికీ పైకీ చూసింది. "ఇంకా మత్తివ్వలేదు. ఇప్పటికైనా చెప్పారు, మంచిపని. అందరికీ అయ్యాక చివర్లో చేస్తాను. అప్పటిదాకా పిల్లి ఇక్కడే ఉంటుంది. మీ దగ్గరికి మాత్రం పంపను" అంది.

మా దర్జీ ఆమె బెంచీ మీద పక్కకి జరిగి నాకు చోటిచ్చింది. ఆషాఢం, బల్కంపేట ఎల్లమ్మ కల్యాణానికి కుట్టాల్సిన బ్లౌజులు గుట్టగా పడి ఉన్నాయి. షట్టరు మూసుకుని నాతో వచ్చింది. నాలుగు తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నం దాటింది. కడుపులో ఎలకలు పరిగెత్తుతుంటే నా బాక్సు తీశాను. పెరుగన్నం. ఇంకేముంటుంది! ఆమె ముందుకి జరిపాను.

"నాకొద్దు మేడం."

"పొద్దున్న ఏం తిన్నావేంటి?"

"ఏం తినలే. గా పిల్లి ఉపాసముంటే నేనెట్ల తింట? రాత్రి సంది చాయ్ సుత తాగలే. గది మంచిగ లేస్తే గప్పుడు తింట."

నేను బాక్సు మూత పెట్టేశాను. ఊళ్ళో అందర్నీ తిన్నారా అని అడిగేదాన్ని. పొద్దున్నుంచీ పక్కనే కూర్చున్న మనిషిని మాత్రం అడగలేదు. పిల్లికి పెరుగు పెట్టింది జాలితోనని అనుకున్నాను కానీ, దాని అరుపు నేను భరించలేక పెట్టాను. ఆమె భరించింది. నాకు ఏడుపొచ్చింది. కొంగుతో ముక్కు తుడుచుకుంటుంటే ఆటో ఆయన కుక్కని అటు తిప్పుకుని కూర్చున్నాడు.

నాలుగింటికి బుట్ట బయటికొచ్చింది. పిల్లి ఎడమచెవి కొస కత్తిరించారు, ఆపరేషన్ అయిందని గుర్తు. నాలుక కొంచెం బయటపెట్టి మత్తుగా చూసింది. ఆమె వేలు పెడితే తల ఆనించింది. బాగానే ఉంది, రాత్రి దాకా ఏమీ పెట్టకండి అని డాక్టరమ్మ నా వైపే చూస్తూ చెప్పింది.

నేను బాక్సు మళ్ళీ తీసి ఆమె చేతిలో పెట్టాను. "ఇప్పుడైనా తినమ్మా."

ఆమె బాక్సు వంక చూసింది, నా వంక చూసింది. "డాక్టరమ్మను అడిగిండ్రా మేడం?"

నేను నిజంగానే డాక్టరు గది వైపు రెండడుగులు వేశాను.